పాతర మీద గోడ

"కింద నుంచి ఎత్తింది నేను కదే."

"పైనుంచి లాగింది నేను కదక్కా."

నాకూ మా అక్కకూ మధ్య నడిచిన చివరి మాటలివి. అక్క అంటే తోడబుట్టింది కాదు, మా ఆయన అన్న పెళ్ళాం, నా తోటికోడలు. ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఆటో వచ్చి వాకిట్లో నిలబడింది. ఆమెను చేతుల మీద తెచ్చి కూర్చోబెట్టారు. నేను నా గడపలో ఉన్నాను. మంచీ చెడ్డా, పోయొస్తానన్న మాటా ఏమీ లేదు. రోజూ ఆడుకునే మాటే ఆడుకున్నాం. ఆటో కదిలాక ఆమె తల బయటికి పెట్టి ఇంకేదో అంది. ఇంజను మోతలో నాకు వినపడలేదు. ఆమె తిరిగి రాలేదు. అలా చివరి మాట కూడా ఆమెకే దక్కింది, అదేమిటో నాకు తెలియకుండా.

కింద నుంచి ఆమె ఎత్తిందీ పైనుంచి నేను లాగిందీ మా ఆయన్ని. ఆ సంగతి చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను. ఎందుకిప్పుడంటే, పోయిన వారం కార్పొరేషన్ వాళ్ళు డ్రైనేజీ పైపు కోసం మా వీధిని యంత్రంతో తవ్వారు. యంత్రం పళ్ళ కింద ఇటుక కమాను బయటపడింది. పెద్ద చదువులవాళ్ళు టోపీలు పెట్టుకుని వచ్చి, మెత్తటి కుంచెలతో పసిపిల్లను తుడిచినట్టు తుడిచి, ఫోటోలు తీసి, ఇది రాజుల కాలం నాటి కట్టడం, దీని సంగతి ఎవరికి తెలుసునని అరవంలో అడిగారు. వీధి వీధంతా ఒకే చెయ్యిగా ఆమె ఇంటి తలుపు చూపించింది. తాళం వేసిన తలుపు. పక్క గడపలో చేట ఒళ్ళో పెట్టుకుని బియ్యం ఏరుతున్న బతికున్న మనిషి ఒక్కరికీ కనపడలేదు. చచ్చిపోయి కూడా ఆమే పెద్దకోడలు.

అందుకని ఈ పిల్లను పట్టుకున్నాను. రాస్తున్నది మా అక్క మనవరాలు, కొడుకు కూతురు. మేమంతా ఇంట్లో తెలుగే మాట్లాడతాం, రాయడం మాత్రం ఎవరికీ రాదు, మా బళ్ళన్నీ అరవం. నాకు నా పేరు గీసేంత అక్షరాలే వచ్చు. ఈ పిల్ల తిరుపతిలో చదువుకునేటప్పుడు తెలుగు అక్షరాలు నేర్చుకుని వచ్చింది. నేను చెప్పేదాన్ని పుస్తకాల తెలుగులోకి దిద్దుకుంటూ రాస్తోంది. రాసుకోనీ. ఎవరైనా మాట్లాడింది మాత్రం మాట్లాడినట్టే పెట్టమన్నాను. దీని ముక్కు అచ్చం వాళ్ళ అవ్వ ముక్కు. ఆ ముక్కు ఎదురుగా కూర్చుని ఈ మాటలు చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మదురైలో మా వీధి మిల్లు ప్రహరీ గోడకు ఆనుకుని మొదలవుతుంది. మా పెద్దలు ఏ రాజు దండు వెనకో ధాన్యం బండ్లు తోలుకుంటూ వచ్చి ఇక్కడ నిలిచిపోయారని చెప్పుకుంటారు. రాజు పోయాడు, దండు పోయింది, బండ్లూ ఎద్దులూ పోయాయి, మేమూ మా తెలుగూ మిగిలాం. నేను కాపురానికి వచ్చేనాటికి వీధిలో మగవాళ్ళందరూ మిల్లు సంగుకు లేచేవాళ్ళే. సంగంటే మిల్లు కూత. అది కూస్తే కుక్కలు కూడా ఒళ్ళు విరుచుకునేవి.

మా అత్త బతికుండగానే ఇల్లు పంచుకోమంది. పంపకానికి మాలో ఒక పద్ధతుంది. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు కోరుకోవాలి. బావ సున్నం ముద్దతో నట్టింట్లో గీత గీశాడు. గీతకు ఒక పక్క పాత వంటిల్లు, రాతి బండల నేల, పొగచూరి నల్లగా చీకటిగా ఉండేది. రెండో పక్క వెలుతురూ, పెరడూ, పెరట్లో కాయలతో విరగబడిన మునగచెట్టూ. మా ఆయన నా వైపు చూశాడు. నేను గడ్డంతో మునగచెట్టు చూపించాను. ఆ రాత్రి నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ గడ్డాన్ని తరవాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో చెప్పలేను. గీత మీద గోడ లేచింది. గాలి ఆడాలని దూలం దాకా కట్టలేదు. గాలితో పాటు అన్నీ ఆడేవి. ఆమె పోపు ఘాటు నాకొచ్చేది, నా పిల్లల ఏడుపు ఆమెకు పోయేది, ఎత్తిపొడుపులు రెండు వైపులకూ పోయేవి.

ఆమెది బోడినాయకనూరు. వాళ్ళ తమ్ముళ్ళు ఏలకుల మండీలో పనిచేసేవాళ్ళు. వచ్చినప్పుడల్లా గుడ్డసంచీలో పచ్చటి ఏలకులు తెచ్చేవాళ్ళు. నాది వాడిపట్టి. మావాళ్ళు వస్తే కొత్త బియ్యమో, సొరకాయో తెచ్చేవాళ్ళు. సొరకాయ గోడ దూకి వాసన రాదు. ఆమె కాఫీలో రెండు ఏలక్కాయలు దంచి వేస్తే మిల్లు దాకా వచ్చేది. మా అత్త నా వైపు కాపురం ఉంటూ కాఫీ వేళకు కర్ర పట్టుకుని అటు నడిచేది. "కాళ్ళు పట్టేసుండాయి, కొంచెం నడిచొస్తా" అనేది. ఆ కాళ్ళు కాఫీ వేళకే పట్టేసేవి. కడుపుమంటను అరవంలో వయిత్తెరిచ్చల్ అంటారు. ఏ భాషలో అన్నా మండేది అక్కడే.

మా ఆయన పని పత్తి దులిపే బ్లోరూములో. పొద్దున షిఫ్టు దిగి వస్తే కనుబొమల మీద, చెవుల్లో, ముక్కు వెంట్రుకల మీద దూది. పడుచువాడు ముసలివాడై వచ్చినట్టుండేవాడు. నేను నీళ్ళు పోసి మళ్ళీ పడుచువాణ్ణి చేసేదాన్ని. కష్టమల్లా నిద్ర. రాత్రి షిఫ్టు పడితే పగలే పడుకోవాలి. మదురై ఎండలో, మా రేకుల కింద, దగ్గుతో, పగలు నిద్ర ఎట్లా వస్తుంది. గోనెసంచులు తడిపి కిటికీకి కట్టేదాన్ని. పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో విసిరేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని నా కోసం నిద్ర నటించేవాడు. నిద్రలేని మనిషి యంత్రం ముందు తూగితే ఏమవుతుందో మాకు తెలుసు. అదే బ్లోరూములో ఒకాయన తూగి చెయ్యి పోగొట్టుకుని, తరవాత మిల్లు గేటు దగ్గర ఒంటిచేత్తో వేరుశెనక్కాయలు అమ్మేవాడు. ఆయన దగ్గర కాయలు కొన్న రోజు ఇంటికొచ్చి ఇంకో గంట ఎక్కువ విసిరేదాన్ని.

ఆ ఎండాకాలంలోనే మునిసిపాలిటీవాళ్ళు నీళ్ళ గొట్టం కోసం వీధి తవ్వారు. అప్పుడు యంత్రాలు లేవు, మనుషులే. ఒకాయన గడ్డపార వేస్తే అది చేతిలోంచి జారి నేలలోకి పోయింది. కింద ఎక్కడో ఠంగుమంది. బొక్కలోంచి చల్లటి గాలి, పాత ఊక వాసన. అరవం వీధులవాళ్ళు పరుగెత్తుకొచ్చి సొరంగం అన్నారు, రాజుగారి మహలు దాకా పోతుందన్నారు. మదురైలో ప్రతి వీధికీ ఒక సొరంగం ఉంది, అన్నీ మహలుకే పోతాయి. అవన్నీ నిజమైతే ఊరు ఎప్పుడో కుంగిపోయుండేది. మా వీధి చివరింటి తాత ఒక్కడే బొక్క దగ్గర గొంతుక్కూర్చుని వాసన చూసి, "సొరంగం కాదు, మన్నాంగట్టి కాదు. ఇది పాతర. మనోళ్ళు గింజ దాచుకున్న నేలకొట్టు" అన్నాడు. దిగబోయిన కుర్రాళ్ళను కర్ర అడ్డం పెట్టి ఆపాడు. "పాతరకి ఊపిరుంటాది. ముందు దీపం దించండి. దీపం బతికితే మనిషి బతుకుతాడు." దీపం దించారు. ఆరిపోయింది. మరునాడు దించితే వెలిగింది. అప్పుడు దిగారు. లోపల ఇటుకా సున్నంతో కమాను కట్టి, పడవ బోర్లించినట్టు ఉందట. ఖాళీ. పాతర వీధి కింద నుంచి మా ఇళ్ళ వరస కిందికి పోతోందన్నారు.

ఇంక మా వీధి ఆడవాళ్ళను చూడాలి. ప్రతి ఇంట్లో రోకలి తీసుకుని నేల మీద కొట్టుకోవడమే. బోలుగా మోగితే కింద పాతరున్నట్టు. పాతరున్న ఇల్లంటే పెద్దలనాడు గింజకు కొదవలేని ఇల్లన్న మాట. కూలి బతుకులైపోయాక ఆ పేరు కోసం ఎంత ఆశ. వీధంతా దంపుడు. నేను నా వంటింట్లో పోటు వేశాను. దడ్. మూల మూలకూ వేశాను. దడ్, దడ్. గోడ అవతల అక్క ఒకే ఒక్క పోటు వేసింది. గుమ్మని మోగింది, మృదంగం మీద కొట్టినట్టు. కాసేపటికి గోడ మీదుగా గొంతు వచ్చింది.

"ఏమే, విన్యావా?"

"విన్లే. చెవిలో దూది పెట్టుకోనుండా."

కోరుకున్నది మేమే. అదే నన్ను తినేసింది. పైగా ఆ ఏడే గొంగళిపురుగు పట్టి మునగచెట్టు మోడైపోయింది.

ఆమె ఇంట్లో రుబ్బురోలు కింద బండ లేపితే గుండ్రటి మూతి బయటపడింది. దిగడానికి గోడలో కాలు పెట్టే గుంటలున్నాయి. ఆమె మూతి చుట్టూ పేడతో అలికి ముగ్గు పెట్టింది. చూడవచ్చినవాళ్ళకు మజ్జిగ ఇచ్చింది. బడి అయ్యవార్లు వచ్చారు, మిల్లు మేస్త్రీ పెళ్ళాం వచ్చింది, మా అత్త కర్ర మరిచిపోయి వచ్చింది. లోపల గోడలో ఒక గూడు ఉంది. ఇంటి అమ్మవారి పేరు చెప్పి ఆమె ఆ గూట్లో నువ్వులనూనె దీపం పెట్టి పగలంతా ఆరకుండా చూసేది. "పట్టపగలు దీపమేంటికక్కా, నువ్వేమన్నా మిల్లు ముదలాళి పెళ్ళామా" అన్నాను. ముదలాళంటే యజమాని. "తాత చెప్పింది వినలేదా, అది బతికుంటే నాకు ధైర్యం" అంది. నాకది బడాయిగానే కనిపించింది.

తరవాత అసలు దెబ్బ కొట్టింది. నేను తడి గోనె పిండుతుంటే గోడ మీదుగా అంది: "మరిదిని పంపు, కింద చల్లగా ఉంది, ఆడ పండుకోనీ. పావం, నువ్వు విసిరి విసిరి ఆయన్ని మేలుకొలుపుతా ఉండావు." మా ఆయన నా మొహం చూశాడు. పంచేటప్పుడు చూసినట్టే. ఆయన కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ఏమంటాను. పొమ్మన్నాను.

పోయాడు. నిద్రపోయాడు. సాయంత్రం దాకా లేవలేదు. పెళ్ళయ్యాక ఆయన అట్లా నిద్రపోవడం అదే మొదలు, అది నా ఇంట్లో కాదు. రోజులు గడిచేకొద్దీ బుగ్గలు నిండాయి, దగ్గు తగ్గింది, పాట కూడా పాడుకునేవాడు. ఏ దేవుడికి మొక్కినా రానిది ఆమె నేల కింద దొరికింది. గురక నా ఇంట్లోంచి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం పని లేక కూర్చుంటే విసనకర్ర నా వైపు చూసేది. ఆయన లేచి మూతిలోంచి తల పైకి పెట్టగానే ఆమె ఏలక్కాయల కాఫీ చేతికిచ్చేది. అది తాగి ఇటు వచ్చేవాడు. నా దగ్గరికొచ్చేసరికి మనిషి పూర్తిగా లేచి ఉండేవాడు, మత్తుగా కళ్ళు నులుముకునే ఆ కాస్త సేపూ ఆమెది. అనుమానమైతే బాగుండేది, జుట్లు పట్టుకుని తేల్చుకోవచ్చు. ఆమె మీద అనుమానానికి చోటే లేదు. మంచిదాని మీద కుళ్ళు తీరే దారుండదు.

నా నేలా తవ్వి చూస్తానన్నాను. ఎవరూ కాదనలేదు, వీధంతా సరదా పడింది. ఎదురింటి కిరస్తానమామె మొగుడు బావులు తవ్వేవాడు. ఆమె ఆయన గడ్డపార తెచ్చి, కొంగు దోపి, "ఏసుప్రభువు నీకొక గుంతైనా ఇస్తాడు, రా" అంది. మా ఆయన షిఫ్టు దిగొచ్చి గంజి తాగుతూ, "తవ్వుకో, తవ్వుకో. నీళ్ళు పడితే పిలువు" అని నవ్వి, దిండు చంకన పెట్టుకుని అక్క ఇంట్లోకి పోయాడు.

పొయ్యి వెనక తవ్వాం. మట్టి, దాని కింద బూడిద, దాని కింద ఎర్ర ఇసుక, ముట్టుకుంటే పొడి అయిపోయే వేపాకు. తాతను పిలుచుకొచ్చాం. ఆయన ఆ పొడిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "అమ్మా, ఇది ఎవరూ తెరవలేదు" అన్నాడు. రాతి మూత లేపితే లోపల అంచుదాకా గింజ. సజ్జలట, కాటుకలా నల్లబడి ఉన్నాయి. ఖాళీది మోగుతుంది, నిండింది ఎందుకు మోగుతుంది. నాదీ పాతరే, అదీ నిండు పాతర. నేను ఆ గింజ పిడికిట్లో పట్టుకుని గోడ మీదుగా అరిచాను.

"అక్కా, విన్యావా?"

"ఆఁ, ఊరంతా విన్యారు."

కిరస్తానమామె లోతు చూద్దామని ఇనపకడ్డీతో పొడిచింది. గింజ ఒక్కసారి జారి, జానెడు కిందికి దిగింది. ఎటు జారిందని మాలో ఒక్కరూ అడగలేదు. దీపం దించితే టప్పున ఆరింది. తాత పద్ధతి చెప్పాడు: "నిండు పాతర మూత తీస్తే ఒక పగలు అట్లే వదిలేయాల. దాని ఊపిరి అది వదిలేస్తాది. ఎవరూ దగ్గర ఉండకూడదు." పద్ధతి ప్రకారం అందరం బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాం. నేను తాంబూలం పంచాను. అంత గొప్పగా నేను ఎన్నడూ కూర్చోలేదు.

అప్పుడు అక్క కేక వినపడింది. "చిన్నదానా, దీపం ఆరిపోయిందే. మరిది పలకడం లేదు. చేదతాడు తీసుకో, పరుగెత్తు."

నేను తాడు తీసుకుని పోయేసరికి ఆమె కొంగు తడిపి మూతికి చుట్టుకుని ఉంది. నా చేతిలోంచి తాడు కొస లాక్కుంది. గుండెల నిండా గాలి పీల్చి లోపలికి దిగిపోయింది. లావుపాటి మనిషి, మెట్టెక్కితే ఆయాసపడే మనిషి. చీకట్లో ఏమీ కనపడలేదు. తాడు కదిలింది. నేనూ కిరస్తానమామే లాగాం. కింద నుంచి ఆమె రెండు చేతులతో ఆయన్ని పైకెత్తి తోస్తోంది. ఆ బరువు ఒక్కసారి తేలికవడం నా అరచేతులకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన తల బయటికి వచ్చింది, మొహం బూడిద రంగు. వెనకే ఆమె పాక్కుంటూ వచ్చి నేల మీద పడి, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచింది. తాత ఆయన మొహాన కడవెడు నీళ్ళు కుమ్మరించాడు. ఆయన దగ్గాడు. కళ్ళు తెరిచాడు. ఆయన తల నా ఒళ్ళో ఉంది, నా కన్నీళ్ళు ఆయన మొహం మీద పడుతున్నాయి. ఆయన మొదట అన్న మాట, "వదినా, కాఫీ."

అక్క ఆ ఆయాసంలోనే నవ్వింది. నవ్వి, "నీ పాతర నిండుగానే ఉండాదిలేవే. నా ఇంట్లోకి కూడా వచ్చేసింది" అంది.

నిజంగానే వచ్చింది. దీపం గూటికి పక్కన ఇటుకలు కూలి, నా నల్లగింజ ఆమె పాతరలో కుప్ప పోసి ఉంది. గింజతో పాటు దాని ఊపిరీ అటే పోయింది. తాత తల కొట్టుకున్నాడు. "ఇల్లు ఒకటే కదమ్మా. గోడ మనం కట్టుకున్నది. కింద ఎవరు పంచారు?" మేమందరం పద్ధతి తప్పకుండా పాటించాం. ఒక ఇంటికి చెప్పిన పద్ధతిని రెండిళ్ళని లెక్క వేసుకుని పాటించాం.

మునిసిపాలిటీవాళ్ళు రెండింటినీ ఇసుకతో పూడ్పించారు. మా ఆయన మళ్ళీ నా రేకుల కింద, నా విసనకర్ర పక్కకు వచ్చాడు. గురక తిరిగొచ్చింది, దగ్గూ తిరిగొచ్చింది. తరవాత కరెంటు ఫ్యాను వచ్చింది, పిల్లలు ఎదిగారు, మిల్లు మూతపడి సంగు ఆగిపోయింది. ఆయన ముసలివాడై, మంచం మీదే పోయాడు. శవం దగ్గర అందరూ ఏడుస్తుంటే అక్క తల దగ్గర కూర్చుని, "నేను ఎత్తిన ఒళ్ళు ఇది" అంది. నా మొగుడి శవం ముందు. నేనూరుకుంటానా. "పైనుంచి లాగింది నేను" అన్నాను. ఏడవవచ్చినవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పటినుంచి అదే మా పలకరింపు. చింతపండు కావాలన్నా, జ్వరమొచ్చిందని చెప్పాలన్నా, ముందు కింద నుంచి ఎత్తింది ఎవరో, పైనుంచి లాగింది ఎవరో తేలాలి. ఎన్నడూ తేలలేదు. నాకు ఆయనతో గడిచిన ప్రతి పూటలో ఆమె వాటా ఉందని ఆమె లెక్క. ఉందని నాకూ తెలుసు, అందుకే ఒప్పుకోలేదు. నా మొగుణ్ణి బతికించే పని కూడా ఆమెకే ఎందుకు దక్కాలి. ఆ దీపం నా గోడలో ఎందుకు లేదు.

ఇప్పుడు ఇసుక తోడుతుంటే ఆ గూడు బయటపడింది, పైన మసి అలాగే ఉందట. అందులో ఆమె మట్టిప్రమిద. టోపీలవాళ్ళు దూదిలో చుట్టి తీసుకుపోయారు, గాజుపెట్టెలో పెడతారట. ఎన్ని వందల ఏళ్ళ నాటిదో అని వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు. వెనక సందు కుమ్మరిది, పావలాకు కొన్నది అని నేను చెప్పలేదు. ఉండనీ. చెబితే ఆమెకున్నదొకటి పోతుంది, నాకు కొత్తగా వచ్చేదేమీ లేదు. గోడ అవతల నుంచి ఇప్పుడు ఏ వాసనా రాదు. ఎవరి మీద కుళ్ళుకుంటూ లేవాలో తెలియక పొద్దున్నే చాలాసేపు మంచం మీదే కూర్చుంటున్నాను.

చాలా ఏళ్ళు మూసిపెట్టిన కాలం మూత తీస్తే, ముందు దీపాన్నే ఆర్పుతుంది. కాసేపు అలా వదిలేసి తరవాత దిగాలి. నేను వదిలేసి చాలా రోజులైంది. ఆ రోజు ఆటోలో మీ అవ్వ పక్కన కూర్చున్నది నువ్వే కదా, పిల్లా. తల బయటికి పెట్టి ఆమె ఏమందో నీకు వినపడే ఉంటుంది. ఇన్నాళ్ళూ నేను అడగలేదు, నువ్వూ చెప్పలేదు. ఆ మాట కూడా చివర రాసెయ్యి. రాసి, మొదటినుంచి నాకొకసారి చదివి వినిపించు. ఆమె మాటలు ఆమెలాగే చదువు, గొంతు తగ్గించకుండా.